వాలిన అంకెలు

కిందటి వారం భాగంలో నన్ను నేను భోజనాల బల్ల దగ్గర, చెవికి ఆనించిన ఫోనుతో వదిలేసి వెళ్ళాను. అవతలి గొంతు మా తోడల్లుడిది, అంటే మా ఆవిడ చెల్లెలి భర్తది. "అన్నయ్యా, నా షెడ్డులోకి ఒక ఇటాలియన్ బండి వచ్చింది. ఛాసిస్ నంబరు నాలుగు వందల పదిహేడు. రేపొచ్చి ఒక్కసారి చూసి పెట్టవా?" అన్నాడు. నాలుగు వందల పదిహేడో నంబరు బండి నా షాపులో, అద్దాల గది మధ్యలో, ఎర్రగా మెరుస్తూ నిలబడి ఉంది. నా పెళ్ళినాటి నుంచీ అక్కడే ఉంది.

కథలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ళకి ఒక లెక్క చెప్పాలి. పాత కారుకి తలుపులు మార్చొచ్చు, ఇంజను మార్చొచ్చు, రంగు ఎన్నిసార్లయినా వేయొచ్చు. మారకూడనిది ఛాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, సుత్తితో కొట్టిన నంబరొక్కటే. ఇటలీలో ఒక చిన్న ఊళ్ళో ముగ్గురు అన్నదమ్ములు వర్క్‌షాపు పెట్టి, మామూలు రకం బండ్లు కొన్ని వందలు, పందేల రకం కొద్దిగా చేత్తో కట్టి, దివాలా తీసి తాళం వేసుకున్నారు. వాళ్ళు కట్టిన ఆ పందెం రకం బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఏది ఎవరు కొన్నారు, ఏ ఓడెక్కింది, ఏ మలుపులో గోడకి గుద్దుకుంది, చివరికి ఎవరి గోదాములో తుప్పు పట్టింది అని ఆరా తీసి, నంబరు చూసి, "ఇది అదే" అని చెప్పడం నా వృత్తి. నేను అదే అంటే అదే. నేను కాదంటే దాన్ని తూకానికి వేసుకోవడమే. ఒకే నంబరు మీద రెండు బండ్లుంటే ఒకటి అసలుది, ఒకటి దొంగది. మధ్యేమార్గం లేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

అసూయని నేను ఖర్చుల్లో వేసుకుంటాను. కరెంటు బిల్లులాగా నెలనెలా వస్తుంది, కట్టేస్తాను, మర్చిపోతాను. ఆ పొద్దున మాత్రం తోడల్లుడి గేటు దాటినప్పటి నుంచీ మీటరు గిర్రున తిరగడం మొదలుపెట్టింది. షెడ్డు నేల మీద నూనె మరక లేదు. స్పానర్లన్నీ గోడకి వరసలో వేలాడుతున్నాయి, ఒక్కోదాని వెనక దాని ఆకారం గీసి ఉంది. నా షెడ్డులో స్పానరు కావాలంటే ముందు పిల్లిని లేపాలి. ఇతను నిన్నమొన్నటి దాకా ఫ్రిజ్‌లు అమ్మినవాడు. నేను పాతికేళ్ళు చేతులు కాల్చుకుని నేర్చుకున్నదాన్ని నా పక్కన కూర్చుని, టీ తాగుతూ, నవ్వుతూ నేర్చుకున్నాడు.

అవన్నీ ఒక ఎత్తు. షెడ్డు మూల, ఎండ పడేచోట, పేము కుర్చీలో మా మామగారు. ఆయన నా గురువు. రేకుని సుత్తితో కొట్టి బండి ఒంపులు తేవడం, ఫ్రేము గొట్టాన్ని వేలితో తట్టి లోపల తుప్పుందో లేదో చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ముందు పనివాణ్ణి, తర్వాతే అల్లుణ్ణి. అత్తగారు పోయాక ఆయన చిన్నకూతురి దగ్గర ఉంటానన్నారు. షాపు పైనున్న మా ఇంటికి మేడ మెట్లున్నాయట, మోకాళ్ళు ఒప్పుకోవట. సరే, మెట్లంటే మెట్లు. నా లెక్కలో ఎప్పటికీ తేలనిది వేరే ఉంది. చిన్నల్లుణ్ణి ఆయన "అల్లుడుగారూ, మీరు" అంటారు. నన్ను "ఒరేయ్ అబ్బాయ్" అంటారు. పెళ్ళికి ముందూ అంతే, పెళ్ళయ్యాకా అంతే, నా జుట్టు నెరిశాకా అంతే.

"వచ్చావురా అబ్బాయ్" అన్నారు నన్ను చూసి.

"వచ్చాను మామయ్యా."

"అన్నయ్యా!" అంటూ తోడల్లుడు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. రబ్బరు చెప్పులు, చొక్కా మీద గ్రీజు, ముఖం నిండా నవ్వు. "నిద్ర పట్టలేదనుకో. నువ్వొచ్చి చూసేదాకా దాన్ని ముట్టుకోలేదు. అడుగు మీ మరదల్ని."

అతని పక్కన నిలబడ్డాయన్ని చూసి నా కాలు ఒక్క క్షణం ఆగింది. మా వ్యాపారంలో అందరూ ఆయన్ని తెల్లగ్లౌజులాయన అంటారు. బండిని ఉత్తి చేత్తో ముట్టుకోరు. సొంతంగా పెద్ద హాలు కట్టించి పాత బండ్లు నిలబెట్టుకున్నారు. ఏటా నా షాపుకొచ్చి, ఎర్రబండి చుట్టూ ప్రదక్షిణ చేసి, "ఇస్తారా?" అని అడుగుతారు. "అమ్మకానికి కాదండీ" అంటాను. ఏడాదికి ఒక్కసారి ఆ మాట అనడంలో నాకున్న సుఖం, ఎన్ని బండ్లు అమ్మినా రాదు.

"నేనే మిమ్మల్ని పిలవమన్నాను" అన్నారాయన. "ఈ బండి కొంటాను. కానీ మీ నోట మాట వినకుండా కొనను."

"బావగారి బండి కూడా అదే నంబరు కదండీ, ఆయన్నే అడగడం..." అని మరదలు టీ కప్పులు పెడుతూ ఏదో అనబోయింది.

"అన్నయ్య అలాంటివాడా?" అని తోడల్లుడు అడ్డం పడ్డాడు. "తన బండి తప్పయినా తప్పని చెప్పే రకం."

ఆ మాటకి టీ చేదెక్కింది. ఒక మనిషి మన గురించి మనకంటే మంచిగా అనుకుంటే ఎంత కోపం వస్తుందో అనుభవిస్తేగానీ తెలియదు.

"ఎక్కడ దొరికింది?" అన్నాను.

"కొండ దారి పందేల్లో ఈ బండి నడిపినాయన లేడూ, ఆయన భార్యగారు. ముసలావిడ. నేను దుకాణంలో ఉన్నప్పుడు ఫ్రిజ్ కొన్నారు. వేసవి రాగానే ఒకసారి వెళ్ళి తలుపు రబ్బరు చూసి వస్తుంటాను. మొన్న వెళ్తే, 'వెనక గోదాములో ఏదో పాత ఇనుముంది నాయనా, గోదాము కూలగొట్టిస్తున్నాను, పనికొస్తే పట్టుకుపో' అన్నారు. చూస్తే ఏముంది, ఇదీ!"

నేను ఆ గుమ్మం ఎరుగుదును. చాలా ఏళ్ళ కిందట, బండి ఆచూకీ ఓడరేవు నుంచి లాక్కుంటూ లాక్కుంటూ వచ్చి ఆ ఇంటి ముందే ఆగాను. ఆవిడ తలుపు సందులోంచి, "బండ్ల సంగతి నా దగ్గరెత్తకండి, ఆ పిచ్చే మా ఆయన్ని తినేసింది" అని గొళ్ళెం పెట్టేసింది. నేను ఆవిణ్ణి బండి గురించి అడిగాను. ఇతను ఫ్రిజ్ ఎలా ఉందని అడిగాడు. నాకు తలుపు మూసుకుంది, ఇతనికి గోదాము తెరుచుకుంది. దీన్ని ఏ పద్దు కింద వేసుకోవాలి?

"అదృష్టవంతుడివి" అన్నాను.

"అంతా నీ చలవే అన్నయ్యా."

బండి స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. బానెట్ లేదు, సీట్లు లేవు, రంగు పోయి బూడిద రేకులా ఉంది. అయినా ఆ నడుము ఒంపు చూడగానే గుర్తుపట్టాను. జేబులో టార్చి, కాగితం, మెత్తటి పెన్సిల్ ఉన్నాయా లేదా తడిమి చూసుకుని, వెల్లకిలా కిందకి జరిగాను. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకోవడం నా పద్ధతి. కన్ను మోసపోవచ్చు, అచ్చు మోసపోదు. మా వ్యాపారంలో నన్ను "అచ్చులాయన" అంటారు, ఎదురుగా కాదులెండి.

స్టీరింగ్ పెట్టె పక్కన గొట్టం మీద కిరసనాయిల్ గుడ్డతో తుడిచాను. అంకెలు పైకి తేలాయి. నాలుగు. ఒకటి. ఏడు.

మూడూ ఎడమకి వాలి ఉన్నాయి.

అన్నదమ్ముల వర్క్‌షాపులో నంబర్లు కొట్టింది ఒకే ఒక్క ముసలాయన. ఎడమచేతి వాటం. ఆయన కొట్టిన అంకెలన్నీ గాలికి వంగిన గడ్డిలా ఒకే పక్కకి వాలుతాయి. ఆ వర్క్‌షాపు బండ్లు ఇంకెక్కడెక్కడో చూశాను, అన్నీ వాలినవే. నా ఎర్రబండి మీద మాత్రం అంకెలు సిపాయిల్లా నిటారుగా నిలబడి ఉంటాయి. "ఆ రోజు ముసలాయనకి జ్వరం, తమ్ముడెవరో కొట్టాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తాను. ఆ జ్వరం సంగతి నాకెవరు చెప్పారో గుర్తు లేదు. బహుశా నేనే తెప్పించి ఉంటాను.

టార్చి ఎడమ పక్కకి తిప్పాను. కొండ దారి పందెంలో ఈ బండి గోడకి గుద్దుకుంది. ఎడమ ముందు గొట్టం విరిగింది. ఆ ఫోటో నా షాపులో గోడకి వేలాడుతోంది. ఇక్కడ, సరిగ్గా అదే చోట, గొట్టం మీద ఇత్తడి కాచి పోసిన అతుకు, మానిన గాయంలా. నా బండికి అక్కడ అతుకు లేదు, నున్నగా ఉంటుంది. "వర్క్‌షాపువాళ్ళు గొట్టం మొత్తం మార్చేశారు" అని దానికీ ఒక జవాబు పెట్టుకున్నాను. నా బండి మీద నంబరు ఉన్నచోట ఇనుము కాస్త పలచబడి ఉంటుంది. తుప్పు తిన్నదని దానికో జవాబు. అవతలివాడి సరుకులో ఇన్ని లోట్లు కనిపిస్తే చెప్పులు వేసుకుని లేచి వచ్చేసేవాణ్ణి. మన సరుకు విషయంలో తరుగు తీయడం ఏ వ్యాపారికీ చేతకాదు.

కింద పడుకుంటే మనుషుల కాళ్ళే కనిపిస్తాయి. తెల్లగ్లౌజులాయన మెరిసే బూట్లు. పక్కనే తోడల్లుడి రబ్బరు చెప్పులు, నిలకడ లేకుండా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి. మరదలి మువ్వల్లేని పట్టీలు. అవతల పేము కుర్చీ కాళ్ళు. నేను ఔనంటే ఆ బూట్లు, ఆ చెప్పులు, ఆ కుర్చీ అన్నీ ఇక్కడే ఉండిపోతాయి. మామగారు "అల్లుడుగారూ, సాధించారు" అంటారు. అద్దాల గదిలో నా బండి దొంగదవుతుంది. ఇంతకాలం నేను ఔనన్నవన్నీ, కాదన్నవన్నీ జనం తిరిగి లెక్క చూస్తారు. ఫ్రిజ్ రబ్బరు చూడటానికి వెళ్ళినవాడికి ఇదంతా ఊరికే దక్కుతుంది.

కాగితం జేబులోనే ఉంది. పెన్సిల్ జేబులోనే ఉంది. బయటికి జరిగాను.

"ఎలా ఉంది అన్నయ్యా?"

నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాను. తొందరలేని మనిషిలా కనపడటం మా పనిలో సగం.

"ఫ్రేము అన్నదమ్ములదే. అందులో అనుమానం లేదు. కానీ ఇది వాళ్ళు కట్టిన మామూలు రకం. పాత నంబరు అరగదీసి, పేరున్న బండి నంబరు తర్వాత ఎవరో కొట్టారు."



"తర్వాత అంటే?" అన్నారు తెల్లగ్లౌజులాయన.

"బండి మన వైపు వచ్చాక. ఇలాంటివి చూశానండీ. చేసినవాడు పనిమంతుడే."

తోడల్లుడి నవ్వు ఒక్కసారిగా పోలేదు. ఆఖరి మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా ముఖం ఒక్క నిమిషం తడబడింది. "మరి ఆ ముసలావిడ... ఆవిడ అబద్ధం చెప్పదే" అన్నాడు.

"ఆవిడకేం తెలుసు తమ్ముడూ? ఆవిడ మొగుణ్ణి కూడా ఎవడో మోసం చేసి ఉండొచ్చు."

"బావగారూ" అంది మరదలు. టీ పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. "నాకో సంగతి చెప్పండి. కిందకి వెళ్ళి ఎంతసేపయిందని? ఇంతలోనే అంత గట్టిగా ఎలా తేల్చేశారు?"

"వృత్తి అలాంటిదమ్మా."

"మా ఆయన వృత్తీ అదేగా."

"మీ ఆయనకి నిన్నగాక మొన్న వచ్చింది. ఫ్రిజ్ వెనకాల అంటించిన స్టిక్కరు చదివినట్టు కాదు ఇది."

"అవును, ఫ్రిజ్‌లే అమ్మాడు. కొన్నవాళ్ళు ఇప్పటికీ ఇంట్లోకి పిలిచి కూర్చోబెడతారు. మీ దగ్గర కొన్నవాళ్ళు ఎవరైనా పిలుస్తారా?"

"నువ్వూరుకో" అన్నాడు తోడల్లుడు. ఆమెని నా ముందు గట్టిగా అనడం అదే మొదలు. "అన్నయ్య చెప్పాక ఇంకేముంది. మనకి తెలీదు, ఆయనకి తెలుసు, అందుకేగా పిలిచాం." నా వైపు తిరిగాడు. "ఏమనుకోకు అన్నయ్యా. దాని మాటలంతే."

నేను తగాదాకి సిద్ధపడి వచ్చాను. అరుస్తాడనుకున్నాను, "నీ బండి సంగతేంటి" అని నిలదీస్తాడనుకున్నాను. దానికి జవాబు దారి పొడవునా కూర్చుకుంటూ వచ్చాను. అతను మాత్రం గోడ దగ్గరికి వెళ్ళి, మడత పెట్టిన దుప్పటి తెచ్చి, ఆ బూడిద రంగు రేకు మీద కప్పడం మొదలుపెట్టాడు. మూలలు లాగి సరిచేశాడు. గెలిచిన బేరంలో ఇంత తక్కువ లాభం నేనెప్పుడూ చూడలేదు.

తెల్లగ్లౌజులాయన దుప్పటి వైపు కాసేపు చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"అయితే అసలుది మీదే" అన్నారు.

"అదే కదండీ నేను..."

"ఇక దాన్ని షాపులో అద్దాల వెనక ఉంచితే బాగుండదు. రెండో బండి ఉందన్న సంగతి రేపటికి అందరికీ తెలుస్తుంది. నా హాలులో నిలబెడతాను. ఆ అన్నదమ్ముల ఊళ్ళోనే పుట్టి పెరిగి, వాళ్ళ బండ్లన్నీ చూసిన ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిపిస్తాను. వాళ్ళు చూసి ఔనంటే ఇక లోకంలో ఎవరూ మాట్లాడరు. ఇన్నేళ్ళూ అడిగితే కాదన్నారు. ఇవాళ కాదంటే..." ఆయన మెల్లగా నవ్వారు. "ఎందుకు కాదంటున్నారని నలుగురూ అడుగుతారు."

నేను వేసుకున్న తాళం నాకే పడింది. వాలిన అంకెల గురించి ఆ పెద్దమనుషులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళకి జ్వరం కథ చెప్పలేను. ఆ ముసలాయన వాళ్ళలో ఎవరికైనా చిన్నాన్నో పెదనాన్నో అయి ఉంటాడు.

"ఇచ్చెయ్ అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు దుప్పటి దగ్గర్నించే. గొంతులో మంట లేదు, అదే నన్ను కాల్చింది. "నాది పోతే పోయింది. మన ఇంట్లో బండేగా నెగ్గింది."

"మీ ఇంటికే వెళ్తున్నాను" అన్నారు తెల్లగ్లౌజులాయన. "మీరు నిదానంగా రండి. అమ్మగారుంటారుగా, ఈలోపు బండి చూసుకుంటాను."

ఆయన కారు గేటు దాటింది. నేను చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా వెనక నుంచి పిలుపు వినబడింది.

"అల్లుడుగారూ, ఒకసారి ఇలా వస్తారా?"

తోడల్లుడు అలవాటుగా "వస్తున్నా మామయ్యా" అని కదిలాడు.

"మిమ్మల్ని కాదు నాయనా" అన్నారు మామగారు, కుర్చీ చేతులు పట్టుకుని లేస్తూ. "పెద్దల్లుడుగారిని."

ఎన్నేళ్ళుగానో రావాల్సిన బాకీ అది. ఇలా వసూలవుతుందనుకోలేదు, ఆయన వెనకే నడిచాను.

షెడ్డు వెనక అరిగిన టైర్లు, ఒక కుళాయి. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను చెయ్యి అందించబోతే వద్దన్నారు.

"అచ్చు తీయలేదు మీరు."

"అవసరం లేకపోయింది మామయ్యా. చూడగానే తెలిసింది."

"నా దగ్గర పనికి చేరినప్పటి నుంచీ చూస్తున్నాను. తుక్కు కొట్టులో విరిగిన స్కూటరు కనపడినా దాని మీద కాగితం పెట్టి రుద్దేవారు. మీ ఆవిడ కుట్టుమిషను నంబరు కూడా తీశారు. ఇవాళ తీయలేదు. ఎందుకంటే తీస్తే ఆ అచ్చు మీ జేబులో ఉంటుంది. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చూసుకోవాలి."

"మామయ్యా, నన్ను 'మీరు' అనకండి."

"మరేమనను? ఒరేయ్ అబ్బాయ్ అని నేను పిలిచేవాడు వేరు. వాడు ఇనుముకి అబద్ధం అంటించడు." కుళాయి కింద చెయ్యి పెట్టి, మొహం తుడుచుకున్నారు. "చిన్నల్లుడిగారి బండి అసలుది. చెప్పడానికి నాకు టార్చి అక్కర్లేదు. మీ బండి మీద నంబరు కొట్టింది నేను."

ఎప్పటి నుంచో తలుపు వెనక నిలబడి ఉన్న మనిషి లోపలికొచ్చి కూర్చున్నట్టుంది తప్ప, ఆశ్చర్యం వేయలేదు.

"అదీ అన్నదమ్ముల బండే. మీరు లోపల చెప్పారే, మామూలు రకం, పాత నంబరు అరగదీసి పేరున్న నంబరు కొట్టారని. అక్షరం తప్పు లేదు. కాకపోతే చెప్పాల్సిన బండి అది కాదు. తుక్కులో దొరికితే తెచ్చి, రేకు కొట్టి, మీరు కలవరించే ఆకారంలోకి తెచ్చి, ఇలాగే దొరికిందని మీకు చూపించాను. నంబరు నాకెవరు చెప్పాలి? రోజూ సుత్తి పట్టుకున్నా అదే, అన్నం తింటున్నా అదే, నాలుగు వందల పదిహేడు, నాలుగు వందల పదిహేడు. అంకెలు వాల్చాలని మాత్రం నాకు తెలీదు. తెలిస్తే వాల్చేవాణ్ణే."

"ఎందుకు చేశారు?"

"మీరు వెళ్ళిపోతానన్నారు. ఆ బండి జాడ ఇక్కడ తెగిపోయింది, ఇటలీ వెళ్ళి ఆ ఊళ్ళోనే ఏదో పని చూసుకుని మొదటి నుంచీ వెతుకుతానని మూట కట్టారు. మంచి పనివాడు పోతున్నాడని నాకు బాధే. కానీ మనుషుల్ని ఆపడానికి ఇనుము కోసేవాణ్ణి కాదు నేను." ఆయన నా కళ్ళలోకి చూశారు. "పెద్దమ్మాయి వచ్చి నా ముందు నిలబడింది. ఏడవలేదు, బతిమాలలేదు. 'నాన్నా, అతను వెతికేది ఇక్కడే దొరికితే ఇక వెళ్ళడు కదా' అంది. అంతే. మీలాగే లెక్క చెప్పింది."

టైర్ల మీద కూర్చున్నాను.

నా ఎర్రబండి చూడటానికి ఎవరొచ్చినా మా ఆవిడ టీ తెచ్చి, తలుపు దగ్గర నిలబడి నా కథంతా వినేది. ఓడరేవు, కొండ దారి, గోడ, ముసలాయన జ్వరం. వారం వారం దాన్ని తడిగుడ్డతో తుడిచేది, నంబరున్న చోట కూడా. ఒకసారి జనం వెళ్ళాక, "ఆ జ్వరం ఎన్నాళ్ళుందంటారు ఆయనకి?" అని అడిగింది. వేళాకోళమనుకుని నవ్వాను. నిన్న ఫోను పెట్టేసి సంగతి చెప్తే కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. తోడల్లుడి మీద నాకున్న అసూయకి జాలిపడుతోందనుకున్నాను.

ఎవరి మీద ఇంకా అసూయ పడాలో వెతుక్కుంటే, ఒక్కడే మిగిలాడు. మామగారి షెడ్డులో మసి చేతులతో నంబరు జపం చేసుకుంటూ తిరిగిన ఆ కుర్రాడు. వాడు వెళ్ళిపోకూడదని ఒక ఆడపిల్ల తండ్రి చేత దొంగ నంబరు కొట్టించింది. నన్ను ఆపడానికి ఇవాళ ఎవరైనా అంత పని చేస్తారా? నేనైతే పెట్టుబడి పెట్టను.

"తనకి మీరు ఫోను చేశారా?" అన్నాను.

"నేనెందుకు చేస్తాను? చెప్పాల్సింది మీ ఇద్దరి మధ్యది. ఆ కొనే ఆయన అక్కడికే వెళ్ళాడు. మీరింకా ఇక్కడే కూర్చున్నారు."

బండి ఎలా నడిపానో తెలియదు. దారిలో రెండు అబద్ధాలు తయారుచేశాను, రెండూ మా వీధి మొదట్లోనే విరిగిపోయాయి. మా షాపు ముందు తెల్లగ్లౌజులాయన కారు, దాని వెనక బండ్లు మోసే ట్రక్కు, పలక దించి సిద్ధంగా.

అద్దాల గదిలో ఎర్రబండి బానెట్ ఎత్తి ఉంది. ఆయన వంగి, దీపం పట్టుకుని, నంబరు మీద వేలు జరుపుతున్నారు. మా ఆవిడ పక్కనే, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు.

"రండి రండి" అన్నారాయన నడుము పట్టుకుని లేస్తూ. "అమ్మగారిని ఒప్పించలేకపోతున్నాను. బండి కదపాలంటే మీరు రావాల్సిందేనట."

"ఈయన చెప్పారు" అంది మా ఆవిడ నాతో. "మా మరిది బండి మీద నంబరు దొంగదట. మీరే చూసి తేల్చారట."

"అది... లోపలికి రా, చెప్తాను."

"లోపలెందుకండీ, ఆయన ఇక్కడే కొంటున్నారుగా."

"నేను విన్నదే కదమ్మా మీకు చెప్పాను" అంటూ తెల్లగ్లౌజులాయన నవ్వబోయారు. ఆమె ఆయన వైపు తిరగకుండానే చెయ్యెత్తి ఆపింది. ఇన్నేళ్ళలో నా వ్యాపారం మధ్యకి ఆమె ఒక్క మాటతోనైనా రాలేదు.

"మీరు చెప్పింది నమ్మానండీ. ఈయన నోటితో ఒక్కసారి వినాలి." కట్టుకున్న చేతులు విప్పి, నాకు ఎదురుగా వచ్చి నిలబడింది. "చెప్పండి. ఏది దొంగది?"